“ఆఖరికి ఏటీ జరగనేదు కదే!”

పర్లాకిమిడి చెల్లెమ్మకి,

తర్వాత చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి మీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో పెడతాను. ఇంట్లో అందరూ కూర్చుని ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ అనే హాంకాంగ్ సినిమా చూశారు. మీ ఆయన “పెళ్ళయినవాళ్ళకి తప్పుడు తోవ చూపించే సినిమా” అన్నారు. మీ అత్తగారు “ఆఖరికి ఏటీ జరగనేదు కదే” అన్నారు. మీ తమ్ముడు సగంలో నిద్రపోయాడు. ఇంటర్నెట్‌లో చూస్తే అదొక మహా చిత్రమని రాసి ఉంది. మీకు అర్థమైందో కాలేదో మీకే తెలియలేదు గానీ రెండు రోజులపాటు గుండెల మీంచి ఏదో దిగలేదు. ఇంతమంది ఇన్ని మాటలంటే ఎవరిది సరైనది, లోపం సినిమాలో ఉందా మనలో ఉందా, మళ్ళీ చూడాలా అని అడిగారు.

నాది ఒడిశాలోని బరంపురం. 30 ఏళ్ళకి పైగా ఇక్కడ నలుగురైదుగురం కలిసి జనానికి సినిమాలు వేసి చూపిస్తున్నాం. మొదట్లో అద్దెకి తెచ్చిన 16 ఎంఎం ప్రొజెక్టరు, తర్వాత వీసీఆర్, ఆ తర్వాత డీవీడీ, ఇప్పుడు పెన్‌డ్రైవ్. మా గుంపుకి పేరు కూడా పెట్టుకోలేదు. పేరు పెడితే అధ్యక్షుడెవరన్న గొడవ మొదలవుతుంది. ఈ సినిమా మూడుసార్లు వేశాం: 2003లో, 2019లో, మళ్ళీ పోయిన చలికాలంలో. సినిమా అయ్యాక టీ తాగుతూ ఎవరేమన్నారో నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. కాబట్టి ఈ జవాబులో నా తెలివి కొంచెమే, మిగతాదంతా బరంపురం జనానిది.

చూడనివాళ్ళ కోసం కథ. 1962, హాంకాంగ్. 1949 తర్వాత షాంఘై విడిచి వచ్చిన కుటుంబాలు ఇరుకు ఇళ్ళలో ఒక్కో గది అద్దెకి తీసుకుని బతుకుతున్నాయి. ఒకే రోజున పక్కపక్క వాటాల్లోకి రెండు జంటలు దిగుతాయి. ఒకతను చౌ మో-వాన్, పత్రికలో ఉద్యోగం (నటుడు టోనీ ల్యూంగ్). ఒకావిడ సు లి-జెన్, అందరూ మిసెస్ చాన్ అంటారు, ఓడల కంపెనీలో సెక్రటరీ (మ్యాగీ చ్యుంగ్). ఆవిడ భర్త పని మీద మాటిమాటికీ జపాన్ వెళ్తుంటాడు. ఇతని భార్య ఎప్పుడూ ఇంట్లో ఉండదు. ఒక రోజు ఇద్దరూ హోటల్లో ఎదురెదురుగా కూర్చుంటారు. మీ చేతిసంచీ ఎక్కడ కొన్నారని అతను అడుగుతాడు. మీ టై ఎక్కడిదని ఆవిడ అడుగుతుంది. అలాంటి సంచీయే అతని భార్య దగ్గరుంది, అలాంటి టై ఆవిడ భర్త దగ్గరుంది. ఏడుపు లేదు, అరుపు లేదు, కాఫీ కప్పుల ముందు విషయం తెలిసిపోయింది. అక్కణ్ణుంచి ఆ మోసపోయిన ఇద్దరూ, ‘వాళ్ళిద్దరికీ అసలెలా మొదలై ఉంటుంది’ అని తెలుసుకోడానికి వాళ్ళలాగా నటించి చూసుకుంటారు. నటిస్తూ నటిస్తూ నిజంగానే దగ్గరవుతారు. మనం వాళ్ళలా కాకూడదు అనుకుంటారు. చివరికి అతను సింగపూర్ వెళ్ళిపోతాడు. ఆఖరి దృశ్యం 1966లో కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడిలో.

దర్శకుడు వాంగ్ కర్-వై. 2000లో ఫ్రాన్సులోని కాన్ సినిమా పండగలో టోనీ ల్యూంగ్‌కి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 2022లో లండన్ సినిమా పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ ప్రపంచం నలుమూలల విమర్శకుల్ని అడిగి వేసిన జాబితాలో దీనిది 5వ స్థానం. మీరు చూసిన పొగడ్తలు ఆ కోవలోవే. బహుమతుల కబురు అంతటితో సరి. ఆ జాబితా మొదలే చదివి సినిమాకి కూర్చుంటే మనిషి తన కళ్ళతో చూడడు, పరీక్ష రాస్తున్నట్టు చూస్తాడు. మీకూ కొంత అదే జరిగిందని నా అనుమానం.

ఇక మనవాళ్ళ మాటలు.

2003లో వేసినప్పుడు నేనే తెలివితక్కువగా ఉన్నాను. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు, మా ఊరి పట్టు నేసే దేవాంగుల వీధి నుంచి. మా ఊరి పట్టు సంగతి మీకు తెలియనిది కాదు, గుడి గోపురాల్లాంటి కుంభాల అంచు నేస్తారే, అది. ఆయనకి ఇంగ్లీషు రాదు, సబ్‌టైటిళ్ళు చదవలేడు. నేను పక్కన కూర్చుని మెల్లగా చెబుతానన్నాను. పది నిమిషాలకి “నువ్వూరుకో బాబూ” అన్నాడు. సినిమా అయ్యాక నేను జనానికి ఉపన్యాసం మొదలుపెట్టాను: ఇందులో కాలం ఎంత గడిచిందో తెలియదు, దర్శకుడు కావాలనే అయోమయంగా ఉంచాడు, అని. పెద్దాయన నవ్వాడు. “ఏటయోమయం? ఆ పిల్ల కోక మారినప్పుడల్లా రోజు మారినట్టే. నువ్వు గోడమీద కేలండరు ఎతుకుతున్నావు.”

ఆయన కోక అన్నది ఆ మెడ దాకా పట్టేసిన చైనా గౌనుని, చోంగ్‌సామ్ అంటారు. అదే మెట్లు, అదే వాన, అదే సంగీతం, సేమ్యాల్లాంటి నూడిల్స్ తెచ్చుకోడానికి చేతిలో అదే గిన్నె. బట్ట ఒక్కటే వేరు. అలాంటివి సినిమాలో 20కి పైగా కనిపిస్తాయి. నాకు అదంతా సోకు అనిపించింది. ఆయనకది తిథి, వారం, నక్షత్రం. మెడపట్టీ ఎత్తు గురించి కూడా ఒక మాటన్నాడు. “ఆ పట్టీ అంత బిగువుగా కుడితే తల దించడానికి అవదు. ఏడవాలన్నా తలెత్తే ఏడవాలి.” నేను తర్వాత ఎన్ని వ్యాసాలు చదివినా ఆ బట్టల గురించి ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

కాబట్టి ‘మాకు భాష రాదు, ఆర్టు సినిమాలు అర్థం కావు’ అనే సాకు నా దగ్గర చెల్లదు. ఎవరి పనిలోంచి వాళ్ళు చూస్తే చాలు.

ఇంక మీ ఆయన మాట. కోపం తెచ్చుకోకండి, ఆయన అన్నది ఇక్కడ చాలామంది మగవాళ్ళు అన్నారు. 2019లో ఒకతను, సూరత్ మరమగ్గాల మీద 14 ఏళ్ళు చేసి ఇంటికి తిరిగొచ్చినవాడు, సినిమా మధ్యలోనే లేచాడు. మా గంజాం జిల్లా నుంచి సూరత్‌కి ఎంతమంది పోతారో మీకు చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలోనూ ఒక తాళం వేసిన ఇల్లో, ఒంటరి ఇల్లాలో ఉంటుంది. అతని కోపం ఆ ఇద్దరి ప్రేమ మీద కాదు. “ఊరు దాటి పోయినోడంటే ఇలాంటోడేనా? పదిమందిమి ఒక గదిలో పడుకున్నాం, షిఫ్టు దిగినోడి చాప మీద షిఫ్టు ఎక్కబోయేవోడు. మాకు చేతిసంచీలు కొనిచ్చే తీరికెక్కడిది?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేనేదో సర్దిచెప్పబోతే మా ఆవిడ కళ్ళతో వద్దంది.

అతని మాట ఎందుకు మరిచిపోలేనంటే, దూరదేశం పోయిన మొగుడి కథ మనకి కొత్త కాదు. మా నాయనమ్మ కాలంలో అది రంగం. రంగూన్ అనేవారు కాదు, రంగమే. గంజాం నుంచీ సిక్కోలు నుంచీ ఓడెక్కి పోయిన మగాళ్ళలో కొందరికి అక్కడ ఇంకో సంసారం ఉండేదని నాయనమ్మ చాలా మామూలుగా, పప్పులో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పేది. ఊళ్ళో ఉన్న ఇల్లాలికి అది తెలుసా అంటే తెలుసు. అడిగేదా అంటే అడిగేది కాదు. “ఏటని అడుగుతాది? డబ్బు వొస్తంది కదా.” ఆ తర్వాత బొంబాయి, కలకత్తా, సూరత్, మస్కట్, దుబాయి. సరుకు మారింది, రవాణా మారింది. సినిమాలో మొగుడు జపాన్ నుంచి కరెంటు రైస్ కుక్కరు తెస్తాడు, వాటాల్లో వాళ్ళంతా చుట్టూ చేరి వింతగా చూస్తారు. ఆ దృశ్యం దగ్గర మూడు ప్రదర్శనల్లోనూ జనం నవ్వారు. ప్రతి ఇంట్లోనూ ఒక టేప్‌రికార్డరో, ఒక సెంటు సీసానో అలా దిగినదే. ఆ వస్తువు ఎంత మెరిస్తే దాని వెనకాల అంత అడగరాని ప్రశ్న ఉంటుంది.

మీ ఆయన మాటకి నా జవాబు ఒక్కటే. తప్పుడు తోవ చూపించే సినిమా అయితే ఆ తోవన పోయినవాళ్ళని చూపించాలి కదా. ఇందులో అసలు తప్పు చేసిన ఇద్దరి మొహాలూ ఒక్కసారీ కనబడవు. వీపు, గొంతు, తలుపు సందులోంచి భుజం, అంతే. ఇంకోటి, చాలామంది గమనించరు: మిసెస్ చాన్ ఆఫీసులో పెద్దాయనకి చిన్నిల్లు ఉంది. ఇంటికి ఏం చెప్పాలో, అక్కడికి ఏం చెప్పాలో, ఎవరి పుట్టినరోజుకి ఏం కొనాలో, అన్నీ ఆ సెక్రటరీ చేతి మీదుగానే నడుస్తాయి. పగలంతా ఒకరి అబద్ధానికి గుమస్తాగిరీ చేసి, సాయంత్రం ఇంటికొచ్చి తన మొగుడి అబద్ధంలో కాపురం చేస్తుంది. ఇదేదో చెడగొట్టే సినిమా అనేవాళ్ళు ఈ ముక్క మళ్ళీ చూడాలి.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోను. 2019లోనే ఒక టీచరమ్మ అన్న మాట దగ్గర నేను ఓడిపోయాను. “ఆ రెండో ఆడమనిషి మొహం ఎందుకు దాచేశారండీ? ఆమెకి మాత్రం కష్టం లేదా? కథ మంచివాళ్ళ చేతిలో పడితే చెడ్డవాళ్ళకి వీపే మిగుల్తుంది” అంది. దర్శకుడి తరఫున వాదించాను: చూడనివ్వకపోతేనే వాళ్ళు ఈ ఇద్దరి ఊహలో ఎంత పెద్దగా పెరిగారో తెలుస్తుంది, వీళ్ళే వాళ్ళ వేషం వేస్తారు కాబట్టి వేరే మొహం అడ్డొస్తుంది, అని. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడాలోచిస్తే ఆవిడదే సగం నిజం అనిపిస్తుంది. సినిమా మరీ అందంగా ఉంది. వాన కూడా కొలిచి పోసినట్టుంటుంది. మోసపోయినవాళ్ళ బాధ ఇంత ముచ్చటగా ఉంటే మోసం చేసినవాళ్ళ గోడు వినాలని ఎవరికి అనిపిస్తుంది?

ఆ రోజే ఒక వకీలు బాబు కూడా వచ్చాడు. పరాయివాడి భార్యతో సంబంధాన్ని నేరం చేసిన 497 సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసి అప్పటికి ఏడాది తిరగలేదు (2018 సెప్టెంబర్ 27న తీర్పు). ఈ కథ మన దేశంలో, ఆ పాత చట్టం ఉన్న రోజుల్లో జరిగుంటే ఏమయ్యేదో చెప్పాడు. చౌ వెళ్ళి, నా భార్యతో సంబంధం పెట్టుకున్నాడని చాన్ మీద కేసు పెట్టొచ్చు. నేరం రుజువైతే చాన్‌కి 5 ఏళ్ళ దాకా జైలు. చౌ భార్యకి శిక్ష లేదు. మిసెస్ చాన్‌కి మాత్రం తన మొగుడి మీద గానీ, ఆవిడ మీద గానీ ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కే లేదు. మోసపోయింది ఇద్దరూ సమానంగా, కోర్టు మెట్లు ఒకరికే. ఇప్పుడది నేరం కాదు గానీ విడాకులకి కారణంగా చెల్లుతుంది. ఇది విన్నాక ఆడవాళ్ళ వైపు బెంచీల్లో చాలాసేపు గుసగుసలు నడిచాయి. నాకు వినపడలేదు, వినపడినా రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

“ఏమీ జరగలేదు” అన్న మాట ఈ మూడు ప్రదర్శనల్లో నేను ఎక్కువసార్లు రాసుకున్న మాట. పోయిన చలికాలం వచ్చిన ఇంజనీరింగు కుర్రాళ్ళు అదే అన్నారు. వాళ్ళని ఆ సంగీతం లాక్కొచ్చింది. జపాన్ స్వరకర్త షిగెరు ఉమెబయాషి అంతకుముందెప్పుడో వేరే సినిమాకి కట్టిన వాల్ట్జ్ అనే నాట్యపు బాణీ అది, ఇప్పుడు రీల్స్‌లో తిరుగుతోంది. గంటన్నర కూర్చుని “అంకుల్, బిల్డప్పే గానీ మేటర్ లేదు” అన్నారు. ఒకడైతే ఇంటి దగ్గర ఒకటిన్నర స్పీడులో చూశాడట. ఆ ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడి పక్కకి తప్పుకునే నెమ్మదిని ఒకటిన్నర స్పీడులో చూస్తే ఆఫీసు టైములో మా ఊరి గేట్ బజార్ లాగే ఉంటుంది మరి.

అయితే ఆ మాట అన్నది వాళ్ళొక్కరే కాదు. 2003లో వాటాల ఇళ్ళలో కాపురం చేసిన ఇద్దరు ముసలమ్మలు అచ్చంగా అవే మాటలు అన్నారు: “ఏటీ జరగనేదు.” కుర్రాళ్ళ గొంతులో అది ఫిర్యాదు. టికెట్టు డబ్బులు వాపసు అడిగే గొంతు. ముసలమ్మల గొంతు వేరు. పెళ్ళి కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన ఇంటికి పరామర్శకి వెళ్ళినవాళ్ళ గొంతు అది.

ఈ తేడా ఎక్కడిదంటే, నా మటుకు నాకు, ఇంటి గోడలో ఉంది. ఆ సినిమాలో ఇంటావిడ మిసెస్ సూన్ అనే షాంఘై పెద్దావిడ. ఎంత ఆప్యాయం! అన్నానికి రమ్మంటుంది, పేకాటలాంటి మాజాంగ్‌కి పిలుస్తుంది, ఒంటరిగా తినకే అంటుంది. చెడ్డమనిషి కాదు. ఒక రాత్రి వాళ్ళంతా తెల్లార్లూ మాజాంగ్ ఆడుతూ కూర్చుంటారు. చౌ గదిలో ఉన్న మిసెస్ చాన్ బయటికి రాలేదు. అతనితో కలిసి కథ రాసే పని మీద వెళ్ళింది, అంతకన్నా ఏమీ లేదు. అయినా తలుపు తీసి నాలుగడుగులు నడవలేదు. తర్వాత ఒక రోజు ఇంటావిడ మెత్తగా అంటుంది: ఈ మధ్య నువ్వు ఎక్కువ బయటికి వెళ్తున్నావు, మొగుడూ పెళ్ళాం ఎక్కువసేపు కలిసి ఉండాలమ్మా, అని. తిట్టు కాదు, నింద కాదు. ఆ ఒక్క మాటతో ఆ అమ్మాయి రావడం మానేస్తుంది.

మన కథల్లో ఇలాంటి ఆడమనిషికి బయటికి పోయే తోవ ఒకటుంది. చలం ‘మైదానం’లో రాజేశ్వరి ఇల్లు విడిచి అమీర్‌తో నడిచి వెళ్ళిపోయింది. ఎండ, ఏరు, ఇసుక, ఆకాశం, ఎవరి గోడా లేదు. తిట్టేవాళ్ళు తిట్టారు, కొలిచేవాళ్ళు కొలిచారు. ఈ సినిమాలో మైదానం లేదు. సినిమా మొత్తం మీద ఆకాశం కనబడదు, ఆఖర్న ఆ పాడుబడిన గుడి దగ్గర తప్ప. నడవా, మెట్లు, పరదా, గది. అందుకే మనకి ఊపిరాడదు. బాగోలేదని లేచిపోయినవాళ్ళలో సగంమంది నిజానికి ఊపిరాడక లేచారని నా నమ్మకం.

ఆ ఇంటావిడ దృశ్యం గురించి నాకో సొంత లెక్క ఉంది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెబుతున్నాను.

1984లో నాకు 24 ఏళ్ళు. మొదటి ఉద్యోగం రాయగడలో. నాలుగు వాటాల ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. పక్క వాటాలో ఒకావిడ, నాలుగేళ్ళ కొడుకు. భర్త మస్కట్‌లో. ఆవిడకి చదువు రాదు. ఏరోగ్రామ్ ఉత్తరం వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని నేను చదివి పెట్టేవాణ్ణి. తలుపులు బార్లా తీసే ఉండేవి, పిల్లాడు ఆవిడ ఒళ్ళో ఉండేవాడు. మొదట్లో ఉత్తరాలు నిండుగా వచ్చేవి. తర్వాత తర్వాత నాలుగు ముక్కలు: డబ్బు పంపాను, ఈ ఏడు రాలేను, ఇల్లు చూసుకో. ఒకసారి చదవడం అయిపోయాక ఆవిడ ఇంకా నా చేతిలోని కాగితం కేసే చూస్తూ “ఇంకేటీ రాయనేదా?” అంది. రాయలేదు. నేను కాగితం తిరగేసి, “బాబుని అడిగానని చెప్పు, వాడికి బొమ్మ కారు కొన్నాను” అని చదివాను. ఆ మాట ఆ కాగితంలో లేదు. తర్వాతి ఉత్తరానికి ఇంకో వాక్యం కలిపాను. ఆ తర్వాతదానికి రెండు.

ఒక సాయంత్రం ఇంటి ఓనరు గారి తల్లి నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అంది: “బాబూ, ఉత్తరాలు పోస్టుమేనే సదివెడతాడులే.” నేను ఆ నెలాఖరుకి గది ఖాళీ చేశాను. ఏమీ జరగలేదు.

సినిమాలో అతను ఆవిడ మొగుడి వేషం వేసి, ఆవిడ చేత “నీకింకొకత్తె ఉందా?” అని అడిగించుకుంటాడు. ఉందంటాడు. అది అభ్యాసమే, నిజంగా మొగుణ్ణి అడిగేటప్పుడు తడబడకుండా ఉండడానికి. ఆవిడ ఒక చిన్న దెబ్బ వేసి, ఏడుస్తుంది. ఇంత నొప్పిగా ఉంటుందనుకోలేదు అంటుంది. 2003లో ఆ దృశ్యం దగ్గర వైరు వదులైందని చెప్పి రెండు నిమిషాలు ప్రొజెక్టరు ఆపాను. వైరు బాగానే ఉంది.

భాష సంగతి ఒకటి చెప్పాలి, మనకి తప్ప వేరేవాళ్ళకి అంతగా పట్టదు. సినిమాలో ఇంటావిడ మాట్లాడేది షాంఘై మాట, ఊరి మాట కాంటనీస్. సబ్‌టైటిళ్ళలో రెండూ ఒకే ఇంగ్లీషు. మనం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఒక్కోసారి ఒకే వాక్యంలో రెండూ. బరంపురం, పర్లాకిమిడి ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. వాళ్ళు ఊరు మారితే మనకి ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది. ఒక భాషవాళ్ళు నలుగురు ఇంకో భాష ఊళ్ళో ఒక చోట చేరితే ప్రేమ ఎక్కువవుతుంది, కాపలా కూడా ఎక్కువవుతుంది. నీ జ్వరానికి కషాయం తెచ్చేదీ వాళ్ళే, నీ గడప దగ్గర చెప్పులు లెక్కపెట్టేదీ వాళ్ళే. హైదరాబాదులో ఫ్లాట్లలో పెరిగిన మా మేనల్లుడికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. “ఖాళీ చేసి వేరే ఇల్లు చూసుకోవచ్చు కదా మావయ్యా” అన్నాడు.

మీరు అడగకపోయినా అందరూ అడిగేది ఇంకోటుంది: ఆఖర్లో ఆవిడతో కనిపించే పిల్లాడు ఎవరి కొడుకు? 1966లో ఆవిడ ఆ పాత ఇంటికే వచ్చి ఉంటుంది, ఇంటావిడ అమెరికా వెళ్ళిపోతుంటే. చౌ కూడా ఒక రోజు వస్తాడు. పక్క వాటాలో ఒకావిడ, కొడుకూ ఉంటున్నారని విని, ఆ తలుపు కేసి చూసి, తట్టకుండానే వెళ్ళిపోతాడు. ఈ ప్రశ్న మీద మా టీ కొట్టు దగ్గర రెండు పార్టీలయ్యాయి, ఒకసారి దాదాపు చేతుల దాకా వచ్చింది. దర్శకుడు ఆ ఇద్దరి కలయిక దృశ్యం తీసి, కూర్పులో తీసేశాడు. ఇది తెలిసినవాళ్ళు “చూశారా, జరిగింది” అంటారు. తీసేశాడంటే లేదనే కదా అని రెండో పార్టీ. నేను ఏ పార్టీలోనూ లేను. ఆ పిల్లాడు ఎవరి కొడుకో మిసెస్ చాన్‌కి తెలుసు, అంతమందికి తెలిస్తే చాలు.

అంగ్‌కోర్ వాట్ గుడి రాయి కన్నంలో అతను ఏదో గుసగుసగా చెప్పి మట్టితో మూసేస్తాడే, ఆ ముందు వచ్చే ఫ్రాన్సు అధ్యక్షుడి పాత వార్తాచిత్రం దగ్గర అందరూ తికమక పడతారు. అది 1966లో ద గాల్ కంబోడియా వచ్చినప్పటిది. కాలం చెప్పడానికి వేశాడనుకుని ముందుకు పోండి, అక్కడ ఆగక్కర్లేదు.

మళ్ళీ చూడాలా అని అడిగారు. చూడండి, కానీ ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి కాదు. మీ ఆయన్ని ఒప్పించాలనీ చూడకండి. ఒప్పించడానికి చూపించిన సినిమా ఎవరికీ నచ్చదు. మధ్యాహ్నం పూట, పనంతా అయ్యాక, ఒక్కరే చూడండి. కథ ఎలాగూ తెలుసు కాబట్టి సబ్‌టైటిళ్ళు అన్నీ చదవకండి. బట్టలు చూడండి, చేతులు చూడండి, ఇంటావిడ గొంతు వినండి.

ఇంకొక్కటి. మీ అత్తగారు “ఏటీ జరగనేదు కదే” అన్నారని రాశారు గానీ ఏ గొంతుతో అన్నారో రాయలేదు. నేను చెప్పిన రెండు గొంతుల్లో ఏదో మీకు తెలిసే ఉంటుంది. మీ మామగారు ఎప్పుడైనా పని మీద దూరం పోయి ఉండేవారా? ఆ రోజుల్లో ఆవిడ ఏ ఇంట్లో, ఎవరి వాటా పక్కన ఉండేవారు? పప్పు ఏరుతున్నప్పుడో, పూలు కడుతున్నప్పుడో, వేరే ఏదో మాటల్లో పెట్టి అడిగి చూడండి. సినిమా పేరు మాత్రం ఎత్తకండి.